బాలిక యే లింగము?

పరభాషలోని యొక నామవాచకమునకు అర్థము తెలిసికొనుట గడియ పని, నిఘంటువు చాలును. దాని లింగమును జ్ఞాపకమునం దుంచుకొనుటకు వారము దినములు పట్టును. ఆ దేశపు జనులు దానిని ఏ సమయమున ఏ తీరున వాడుదురో గ్రహించుటకు మాత్రము నెలలు చాలవు. జర్మనుభాషలోని యొక్క పదముతో నాలుగు మాసములు పెనగులాడిన పిమ్మట మేము చెప్పుచున్న మాట యిది. ఆ పదము "మేడ్‌షెన్". దాని యర్థము "బాలిక". ఇంతకంటె సులభమైన యర్థ మేమున్నది? కాని ఆ భాషలో బాలిక స్త్రీలింగము గాదు, నపుంసకలింగము!

పప్పు పొయ్యిమీద నుండగా గృహిణికి జర్మనుభాషతో నేమి ప్రసక్తి యని సోదరీమణు లడుగవచ్చును. మా ఆడుబిడ్డ కొలోన్ నగరమున నొక వైద్యశాలలో నర్సుగా పని చేయుచున్నది. కొలోన్ రైను నది యొడ్డున నున్న పురాతన నగరము. ఆమెకు తొమ్మిదేండ్ల కూతురును, నాలుగేండ్ల కొడుకును గలరు. కూతురు పుట్టిన దిచ్చటనే గాని ఊహ తెలిసిన దచ్చట. ఇంట తెలుగు, బడిలో జర్మను. ఆదివారము సాయంకాలమున సెల్‌ఫోను తెరమీద మనుమలను జూచి మాటలాడుట మా అత్తగారికి వారమునకంతటికి నొక పండుగ.

అత్తగారు పాతకాలపు మనిషి. మనుమరాలు కనబడగానే, "అది అన్నం తిన్నదా? అది బడికి పోతున్నదా? దాని జడ ఎవరు వేశారు?" అని కూతురిని ప్రశ్నించును. మనుమని గూర్చియైనచో, "వాడేం చేస్తున్నాడు?" అనును. ఈ నాలుగు మాసములకు ముందొక ఆదివారమున ఆ బాలిక తెర ముందునుండి చివాలున లేచిపోయినది. తల్లి కారణ మడుగగా, "అమ్మమ్మ తమ్ముణ్ణి వాడు అంటుంది. నన్ను అది అంటుంది. కుర్చీని కూడా అదే అంటుంది. నేను కుర్చీనా?" అన్నదట. తరువాతి మూడు ఆదివారములును ఆ పిల్ల ఫోను దగ్గరకు రాలేదు. అత్తగారు పైకేమియు ననలేదు గాని, ఆదివారపు రాత్రులు భోజనము సరిగా చేయుట మానినది.

మా యింటివారు ఉపాధ్యాయులు గనుక వెంటనే సవరణ చెప్పిరి: "అది అనడం మానేసి ఆమె అనమ్మా, సరిపోతుంది." అత్తగారికి కోపము వచ్చినది. "నా మనవరాల్ని పట్టుకుని ఆమె అంటానా? అదేమన్నా పొరుగింటి కోడలా?" అన్నది. ఆ మాటలోను సత్య మున్నది. "ఆమె" యనిన మర్యాద. మర్యాద యనిన దూరము. వేలకొలది క్రోసుల యవతల నున్న పిల్లను మఱింత దూరము చేసికొనుటకు ఆ ముసలి ప్రాణ మొప్పుకొనునా? అట్లని కుర్చీతో సమానముగ నుండుటకు తొమ్మిదేండ్ల పిల్ల మాత్ర మేల యొప్పుకొనవలెను? ఈ రెంటి నడుమ ఏదేని దారి యుండునేమో యని మేము ఆ పిల్ల భాషలోనికే పోయి చూచితిమి. మా యింటివారు పాత పుస్తకముల యంగడిలో నొక జర్మను వ్యాకరణమును కొని తెచ్చిరి. ఉచ్చారణకు మా ఆడుబిడ్డయే గురువు.

మొదట ధ్వని. "మేడ్‌షెన్" అని తెలుగున వ్రాయుచున్నాము గాని, అందలి డకారమును వారు టకారముగ పలుకుదురు. "షె" యన్నది మన షకారము గాదు. నాలుక నడుమను అంగిటి దగ్గరకు జేర్చి "హ్య" అని గాలి వదలినచో వచ్చు మెత్తని ధ్వని. పది మారులు పలికి పదునొకండవ మారు మా ఆడుబిడ్డచే మెప్పు బొందితిమి.

తరువాత లింగము. జర్మనుభాషయందు ప్రతి నామమునకు ముందును ఒక చిన్న మాట నిలుచును: పుంలింగమునకు "డెర్", స్త్రీలింగమునకు "డీ", నపుంసకమునకు "డాస్". నామమును దానితో గూడ కంఠస్థము చేయవలయునే గాని వేఱు దారి లేదు. చిన్ననాట మా తండ్రిగారు మాకు శబ్దమంజరి చెప్పునపుడు "అకారాంతః పుంలింగో రామశబ్దః" అని తల చెప్పి కాని శబ్దమును మొదలిడనిచ్చెడివారు కారు. ఆ యభ్యాస మిచ్చట అక్కఱకు వచ్చినది. "నకారాంతో నపుంసకలింగో మేడ్‌షెన్‌శబ్దః" అని మేము వంటయింటిలో వల్లించుచుండగా మా యింటివారు నవ్వు ఆపుకొనలేకపోయిరి. శబ్దము మాత్రము మిక్కిలి సులభము. మన కెనిమిది విభక్తులు, మూడు వచనములు. వారికి నాలుగు విభక్తులు, రెండే వచనములు. డాస్ మేడ్‌షెన్ – బాలిక. డెస్ మేడ్‌షెన్స్ – బాలిక యొక్క. డేమ్ మేడ్‌షెన్ – బాలికకు. డాస్ మేడ్‌షెన్ – బాలికను. బహువచనమున పదము మాఱదు. ముందున్న మాట మాత్రము "డీ" యగును.

లింగమునకు అర్థముతో పొత్తుండునని తలంచువారు ఆ భాషలో పెక్కు వింతలు చూతురు. భోజనపు బల్లమీద చెంచా పుంలింగము, ముల్లుగరిటె స్త్రీలింగము, కత్తి నపుంసకము. సూర్యుడు స్త్రీలింగము, చంద్రుడు పుంలింగము. ఈ సంగతి చెప్పగా అత్తగారు, "సూర్యనారాయణమూర్తిని ఆడదాన్ని చేశారా!" అని లెంపలు వేసికొన్నది. మార్కు ట్వెయిన్ అను అమెరికా హాస్యరచయిత 1880లో ఈ భాషపై వ్రాసిన వ్యాసమునందు, ముల్లంగివంటి దుంపకు స్త్రీత్వము గలదుగాని కన్యకు లేదే యని యెగతాళి చేసినాడు. ఆయన హాస్యము బాగుగనే యున్నది. కాని కారణమును విచారింపక నవ్వుట మా కంతగా నచ్చలేదు.

కారణ మిది. పూర్వము ఆ భాషలో "మాగ్డ్" అను స్త్రీలింగపదము కన్యక యను నర్థమున నుండెను. దానికి "షెన్" అను ప్రత్యయమును చేర్చిరి. ఇది చిన్నతనమును ముద్దును దెలుపు ప్రత్యయము. మన "చిట్టి", "బుజ్జి" వంటిది, కాని పదమునకు వెనుక చేరును. ఇది చేరిన ప్రతి నామమును ఏ లింగముదైనను నపుంసకమగును. కుక్క పుంలింగము, కుక్కపిల్ల యనుటకు "షెన్" చేర్పగా నపుంసకము. పిల్లి స్త్రీలింగము, అదియు నంతే. రొట్టె పేరునకు దీనిని చేర్చినచో వారు ఉదయమున తిను గుండ్రని చిన్న రొట్టె యగును. "లైన్" అను మఱియొక ప్రత్యయమునకును ఇదియే ధర్మము. కావున బాలికను నపుంసకము చేసినది ఆమె యందలి కొఱత గాదు. ఆమెకు దగిలించిన ముద్దుపేరు.

ఇంతవఱకు వినినచో పిల్లల కోపము చల్లాఱవచ్చును. మా కంతటితో తీఱలేదు. బాలునకు వారి భాషలో "యుంగె" యని పేరు. అది పుంలింగము, దానికి ముద్దుప్రత్యయము లేదు. బాలుని ముద్దుగ పిలువదలచినపుడు మాత్రమే "షెన్" చేర్తురు. బాలికకో, ఆ ముద్దుపేరే అసలు పేరై నిత్యవ్యవహారమున నిలిచిపోయినది. మూలపదమైన "మాగ్డ్" క్రమముగ దిగజారి పనిమనిషి యను నర్థమునకు వచ్చినది. "డిర్నె" యను నింకొక పాతపదము కూడ బాలిక యను నర్థముననే యుండెడిది. గ్రిమ్ సోదరులు చెప్పిన ఎఱ్ఱటోపీ పిల్ల కథలో ఆ చిన్నదానిని మొదట ఆ పదముతోనే పేర్కొనిరి. నే డా పదమునకు ఇండ్లలో పలుకరాని యర్థము వచ్చినది. బవేరియా ప్రాంతపు స్త్రీలు ధరించు "డిర్న్‌డ్ల్" అను దుస్తుల పేరునందు మాత్రము అది నిర్దోషముగ మిగిలినది. ఆడువారి పేర్లు కాలక్రమమున దిగుటయేగాని యెక్కుట యరుదని మాకు తోచినది. మన భాషలో "ముండ" యను పదము గతి చదువరుల కెఱుకయే.

గ్రిమ్ సోదరుల ప్రసక్తి వచ్చినది గనుక నొక మాట. వారి కథలు మొదట 1812లో వెలువడినవి. తరువాత వా రొక మహానిఘంటువును 1838లో మొదలుపెట్టిరి. తమ్ముడు విల్‌హెల్మ్ "డి" యక్షరమును ముగించి 1859లో మరణించెను. అన్న యాకోబ్ 1863లో మరణించునాటికి ఫలము అను నర్థముగల "ఫ్రుఖ్ట్" పదము దగ్గఱ నుండెను. పిదప ఎందఱో పండితులు పనిచేయగా అది 1961లో పూర్తియైనది. ఇన్ని కథలలో ఇందఱు బాలికలను నడిపించిన ఆ యన్నదమ్ములు నిఘంటువులో "మేడ్‌షెన్" వఱకు రానేలేకపోయిరి.

ఇక మన యింటిని చూచుకొందము. సంస్కృతమున భార్యకు మూడు పదములు గలవు. "భార్యా" స్త్రీలింగము. "దార" శబ్దము పుంలింగము, అదియు నిత్యబహువచనము: ఒక్క భార్య యున్నను "దారాః" అనవలసినదే. "కళత్రము" నపుంసకలింగము. ఒక్క యిల్లాలే మూడు లింగములందును కాపురము చేయుచున్నది! అమరసింహుడు తన కోశమునకు నామలింగానుశాసన మని పేరు పెట్టుట ఊరక గాదు. లింగమును లోకమునుబట్టి కాక శాస్త్రమునుబట్టియే నేర్వవలెను. మిత్రుని దెలుపు "మిత్ర" శబ్దము నపుంసకము. మగదేవునికైనను "దేవతా" యనిన స్త్రీలింగమే. వీనిలో నెవరికిని అవమానము లేదు.

తెలుగు కథ వేఱు. ఇచ్చటనే మా మేనకోడలి ప్రశ్నకు పదునున్నది. పరవస్తు చిన్నయసూరిగారు 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున నామములు మహత్తులని, అమహత్తులని రెండు తెగలు. పురుషులు మహత్తులు. ఏకవచనమున స్త్రీలును, పశుపక్ష్యాదులును, జడవస్తువులును ఒక్క తెగలో నుందురు. అరవమునను కన్నడమునను "ఆమె" కొక క్రియారూపము ప్రత్యేకముగ నున్నది; తెలుగున లేదు. "ఆమె" యని యెంత మర్యాదగ మొదలిడినను "వచ్చుచున్నది" యనియే ముగింపవలెను. ఆవును గూర్చియు అట్లే ముగింతుము. ఈ వ్యాసమున ఇంతకుముందు మా ఆడుబిడ్డ "పని చేయుచున్నది" యని మేమే వ్రాసితిమి గదా! జర్మనులో దోషము ఒక ప్రత్యయమునది, ఒక పదమునది. మనకో, వ్యవహార మంతయు నిట్లే యున్నది. పిల్ల కోపము అకారణమని మేము చెప్పజాలము.

అయినను పిల్లకు తెలియని సంగతులు రెండు గలవు. ఆడువా రిద్దఱైనచో "వారు వచ్చిరి" యందుము. ఆవులు రెండైనచో "అవి వచ్చెను" అందుము. బహువచనమున స్త్రీలు మహత్తుల తెగలోనికి వత్తురు. రెండవది లెక్క. కుర్చీ "ఒకటి", బాలిక "ఒకతె". కుర్చీలు రెండు, బాలిక లిద్దఱు. లెక్కించునపుడు తెలుగుభాష ఆడుదానిని వస్తువులతో నెన్నడును కలుపలేదు, ఒక్కతె యున్నను సరే. ఈ రెండవ సంగతిని మేము మా మేనకోడలికి ఉత్తరముగ వ్రాసి పంపితిమి. ఫోనులో చెప్పవచ్చును గాని, తెలుగక్షరములు చదువుట కదియొక మిష.

వాడుకను గూర్చి మేము నేర్చినది ఆ పిల్ల వలననే. "మేడ్‌షెన్" నపుంసకము గనుక సర్వనామము "ఎస్" కావలెను; అనగా "అది". వ్యాకరణ మంతే చెప్పును. కాని జర్మను లొక బాలికను గూర్చి మాటలాడుచు ఒకటి రెండు వాక్యములు గడవగానే "జీ" యందురు, అనగా "ఆమె". పదమునకు దగ్గరగ నున్నపుడు వ్యాకరణము గెలుచును. దూరమైనకొలది లోకము గెలుచును. "అచ్చట నిలిచిన బాలిక" యను నట్టి సంబంధవాక్యమునందు మాత్రము ఎవరైనను "డాస్" అనవలసినదే. మఱియొక వింత: "జీ" యను నా మాటయే "ఆమె", "వారు" అను రెండర్థములనిచ్చును, మర్యాదగ "మీరు" అనుటకును అదియే. వ్రాతలో పెద్దయక్షరముతో మొదలిడినచో "మీరు".

పదము వయస్సును గూర్చియు తెలిసికొంటిమి. ఎదిగిన స్త్రీని "మేడ్‌షెన్" అనుట నేడు తగదు. మనము ముప్పదేండ్ల ఉద్యోగినిని "ఆ పిల్ల" అనినట్లుండును. అవివాహితకు వాడిన "ఫ్రాయ్‌లైన్" అనునది కూడ ముద్దుప్రత్యయముతో నైనదే, నపుంసకమే. పెండ్లికాని మగవానికి అట్టి ప్రత్యేకబిరుదము లేకుండుటను స్త్రీలు ప్రశ్నించిరి. 1972లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వము తన కార్యాలయముల వ్యవహారమునుండి దానిని తొలగించినది. "మేడ్‌షెన్" చేరిన సమాసములలో "మేడ్‌షెన్‌నామె" యనగా స్త్రీకి పుట్టినింటిపేరు. 1976లో చట్టము మాఱినది మొదలు దంపతులు భార్య యింటిపేరునైనను కుటుంబనామముగ నెన్నుకొనవచ్చును. 1994నుండి ఎవరి పేరు వా రుంచుకొనవచ్చును. ఇంకొక నానుడి మాకు మిక్కిలి నచ్చినది: "మేడ్‌షెన్ ఫ్యూర్ ఆలెస్" – అన్ని పనులకును ఒక్కతెయే పనిపిల్ల. కలవారు గదికొక దాసిని పెట్టుకొన్న కాలమున, కొంచెము కలవారు వంటకును తుడుపునకును బట్టలకును పిల్లలకును ఒక్క దాసినే పెట్టుకొనెడివారు. ఆమె కీ పేరు. నేడు కార్యాలయమున అన్ని పనులును నెత్తిన బడిన పురుషుని గూర్చియు ఇట్లే యందురట. మన యిండ్లలో దీనికి వేఱుగ పేరు పెట్టవలసిన యక్కఱ లేకపోయినది.

ఇంతకును దారి దొరికినది కొలోనులోనే. ఆ నగరపు మాండలికమున ఆడువారి పేరునకు ముందు "ఎట్" అను నపుంసకపు మాట చేర్చుదురు. వారి పొరుగింటి వృద్ధురాలు తన యేబదియేండ్ల కూతురిని "ఎట్" అని చెప్పుచుండును. పరిచయము లేని స్త్రీని, దొరసానిని అట్లనరు. వారిని స్త్రీలింగముననే చెప్పుదురు. ఇంటివారికిని, ఎఱిగినవారికిని, దగ్గఱివారికిని మాత్రమే నపుంసకము! లక్సెంబర్గు దేశమున ఎఱిగిన స్త్రీని "హట్" అందురు, అదియు నట్టిదే. యోహన్నా స్పీరి 1880లో వెలువరించిన "హైది" కథలో ఆ స్విస్ బాలికను రచయిత్రి "ఎస్" అనియే చెప్పుచు పోవును. చదువరులు ఆ పిల్లను ఎంత ప్రేమించిరో లోక మెఱుగును. మా అత్తగారు "పొరుగింటి కోడలా?" అని యడిగినపుడు చెప్పిన ధర్మము రైనునది యొడ్డున అక్షరాల నున్నది. ఈ మర్యాద యాడువారికి మాత్ర మేల, మగవారికేల లేదని యడిగినచో మాయొద్ద సమాధానము లేదు. పిల్లకును అట్లే వ్రాసితిమి.

పిల్ల ఆ యుత్తరము నందుకొని పొరుగింటికి పోయి ఆ వృద్ధురాలిని పరీక్షించి వచ్చినదట. తరువాతి ఆదివారమున తెరమీద తలకాయ కనబడినది. "అమ్మమ్మా, నువ్వు ఎట్ అంటున్నావా, కుర్చీ అంటున్నావా?" అని యడిగినది. అత్తగారికి సగమే తెలిసినది. "కుర్చీ ఎందుకే, నా తల్లీ! నువ్వొకతెవే నాకు," అన్నది. ఉత్తరములో మేము లెక్కలకొఱకు వ్రాసిన మాటయే ఆమె నోట తనంతట వచ్చినది. ఆ పిల్ల గుర్తుపట్టి నవ్వినది.

అయినను ఊరకుండక నొక షరతు పెట్టినది: తన్ను "అది" యనినచో తమ్మునికూడ "అది" యనవలెనట. "మగపిల్లాణ్ణి అది అంటారటే?" అని అత్తగారు బుగ్గ నొక్కుకొన్నది. అపుడు పిల్ల జర్మనులో పసిబిడ్డను దెలుపు "కింట్" పదమును తెచ్చినది. ఆడుబిడ్డయైనను మగబిడ్డయైనను అది నపుంసకమే. మేమును మధ్యను చేరి, మనకును శిశు వేడ్చినపుడు "ఏడ్చుచున్నది" యందుము, బిడ్డ "నిద్రపోవుచున్నది" యందుము, ఆడు మగ భేదము లేదని సాక్ష్యము పలికితిమి. అత్తగారు కొంతసేపు ఆలోచించి, వానికి ఐదేండ్లు నిండువఱకు ఒప్పుకొన్నది. రాబోవు మాఘమునకు నిండును. ఆ బాలునకు ఈ యొడంబడిక సంగతి యింకను తెలియదు.